సైన్యము – రాజ్యాధికారము

కౌటిల్యుడు రాజ్యమునకు చెప్పిన సప్తాంగములలో దండము ఆరవది. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము అను ఐదింటి తరువాతనే దానికి స్థానము. దాని వెనుక మిత్రుడొక్కడే మిగులును. దండమనగా సేన. దండమనగా శిక్ష కూడ. రాజ్యమును పరులనుండి కాపాడు చేయియే రాజ్యములోనివారిపై లేచు చేయియు నగును గనుక ఒకే మాట ఈ రెండర్థములను మోయుచున్నది. ఆ చేయి ఎవరి ఆజ్ఞకు లోబడవలెను? ఆజ్ఞ యిచ్చువాడు దుర్బలుడైనపుడు ఏమి జరుగును? అర్థశాస్త్రము ఈ ప్రశ్నను విడిచిపెట్టలేదు. మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు అను వీరివలన పుట్టు కోపమును అభ్యంతరకోపమని పేర్కొని, బాహ్యకోపముకంటె అది భయంకరమని ఆ గ్రంథము హెచ్చరించినది.

ఆ హెచ్చరికకు కారణము లేకపోలేదు. క్రీస్తునకు పూర్వము 185 ప్రాంతమున పుష్యమిత్రుడను సేనాపతి, సేనను చూపు నెపమున తన ప్రభువైన బృహద్రథ మౌర్యుని రప్పించి సంహరించెనని బాణుడు హర్షచరితమున చెప్పెను. రాజ్యము చేజిక్కిన పిమ్మట కూడ పుష్యమిత్రుడు సేనాపతి యను పేరునే నిలుపుకొనెను. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఆయన ఆ పేరుతోనే కనబడును. తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణములు విజయనగర చరిత్రయందు కలవు. 1485లో సాళువ నరసింహుడు సంగమవంశమును తొలగించి సింహాసనమెక్కెను. ఆయన మరణానంతరము ఆయన సేనాని తుళువ నరసానాయకుడు బాలరాజు పేర రాజ్యము నడపెను. 1505లో నరసానాయకుని కుమారుడు వీరనరసింహుడు ఆ తెరను కూడ తొలగించెను. ఆంధ్రభోజుడని కొనియాడబడు కృష్ణదేవరాయలు ఈ వీరనరసింహుని తమ్ముడే. 1761లో మైసూరున హైదరాలీ నడచినదియు ఇంచుమించు ఈ త్రోవయే.

ఈ మార్పులలో ఒక వంశము పోయి మరియొక వంశము వచ్చెను. రైతు చెల్లించు పన్ను మాత్రము ఎప్పటివలెనే కోశమునకు చేరుచుండెను. స్వామి స్థానమున ప్రజలే కూర్చుండిన కాలమున సేనాని సింహాసనమెక్కినచో పోవునది ఒక వంశము కాదు, ప్రజలందరి అధికారము. దక్షిణాసియాయందు ఇరువదవ శతాబ్ది చరిత్ర ఈ దృష్టితో చదువదగినది. ఏలయన, అచ్చట ఒకే సైన్యము రెండుగా చీలి, రెండు దేశములలో రెండు విధములుగా ప్రవర్తించెను.

ఆ సైన్యము పుట్టుకయే విచిత్రమైనది. దానిని నిర్మించినది రాజు కాదు, ఒక వర్తకసంఘము. ఈస్టిండియా కంపెనీ మద్రాసు, బొంబాయి, వంగ రాజధానులయందు మూడు వేరు సైన్యములను పోషించెను. క్లైవు వంగదేశమునకు తరలినపుడు అతని వెంట మద్రాసునుండి వెళ్లిన సిపాయిలలో తెలుగువారు కలరు. అందువలననే ఉత్తరదేశమున సిపాయికి చాల కాలము ‘తిలంగా’ యను పేరు వాడుకలో నుండెను. జీతమే ఆ సైన్యమునకు ప్రధానబంధము. జీతముతోపాటు గౌరవము కూడ దక్కవలెనని సిపాయి కోరిన ప్రతిసారియు బంధము తెగుచుండెను. తలపాగా మార్చవలెననియు, నుదుటి బొట్టు తుడువవలెననియు, గడ్డము తీయవలెననియు వచ్చిన ఉత్తరువులు 1806 జులై 10న వేలూరు కోటయందు తిరుగుబాటుగా పరిణమించెను. 1857లో వంగ సైన్యమున జరిగినది సర్వవిదితము.

1857 తరువాత ఆంగ్లప్రభుత్వము నేర్చిన పాఠము ఒక్కటే: ఈ సైన్యము మరల ఏకము కారాదు. పీల్ అధ్యక్షతన నియమింపబడిన విచారణసంఘము, ఒక్కొక్క ఐరోపా సైనికునికి వంగ సైన్యమున ఇద్దరు, మద్రాసు బొంబాయి సైన్యములలో ముగ్గురు భారతీయులను మించి యుండరాదని సూచించెను. ఫిరంగులు ఐరోపావారి చేతికి పోయెను. 1885 మొదలు 1893 వరకు సర్వసేనానిగా నున్న రాబర్ట్సు కాలమున ‘యోధజాతులు’ అను సిద్ధాంతము బలపడెను. కొన్ని కులములు, కొన్ని ప్రాంతములు మాత్రమే యుద్ధమునకు పుట్టినవనియు, దక్షిణదేశీయులు అందుకు తగరనియు ప్రచారమయ్యెను. క్లైవునకు విజయములు తెచ్చిన తెలుగు, తమిళ పటాలములు క్రమముగా క్షీణించెను. 1914 నాటికి సైన్యమున ఇంచుమించు సగము పంజాబునుండి వచ్చినవారే. సేవ ముగించిన సైనికునికి అచ్చటి కొత్త కాలువల క్రింద భూములు లభించుచుండెను. పంజాబునందు కలెక్టరు కచేరి, సైన్యపు చేరిక, రైతు పొలము ఒకే త్రాటను అల్లుకొనెను. రాజకీయ చైతన్యము అధికమైన ప్రాంతములనుండి సైనికులను తక్కువగా తీసికొనుట పరప్రభుత్వమునకు సుఖముగానే యుండెను. ఆ ఏర్పాటు ఫలితమును అనుభవించినది మాత్రము తరువాతి తరము.

ఆ ప్రభుత్వములో కూడ సైన్యమునకు అధికారి ఎవరు అను వివాదము ఒకసారి చెలరేగెను. సర్వసేనాని రాజప్రతినిధి సభలో సభ్యుడు. సైనికవ్యవహారములను చూచుటకు అచ్చట వేరొక సభ్యుడును ఉండెడివాడు. ఈ రెండవ పదవి అనవసరమని సర్వసేనాని కిచ్చెనరు వాదించెను. ఒకే వ్యక్తి సేనను నడపుచు, సేనపై ప్రభుత్వమునకు సలహాయు ఇచ్చినచో పౌరాధికారము నామమాత్రమగునని రాజప్రతినిధి కర్జను వాదించెను. లండనునందలి మంత్రులు కిచ్చెనరు పక్షము వహించిరి. 1905లో కర్జను పదవిని త్యజించెను. వంగవిభజనకు నిందపాలైన కర్జను ఈ ఒక్క విషయమున చెప్పినదానిని స్వతంత్ర భారతము నలువది రెండేండ్ల తరువాత ఆచరణయందు సమర్థించెను.

ప్రజలకు సైన్యము రెండు ముఖములతో కనబడెను. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో డయ్యరు ఆజ్ఞపై తుపాకులు పేల్చినవారు ఈ దేశపు సైన్యమునకు చెందినవారే. 1930 ఏప్రిల్ 23న పెషావరులో నిరాయుధులైన పఠానులపై తుపాకి పేల్చుటకు నిరాకరించి, చంద్రసింగ్ గఢ్వాలీయు ఆయన సహచరులును కారాగృహమున కేగిరి. వారును ఆ సైన్యమువారే. ఒకరు విధేయతకు, ఒకరు మనస్సాక్షికి లోబడిరి. నిరాయుధుని చంపుమను ఆజ్ఞ వచ్చినపుడు సైనికుని ధర్మమేమి అను ప్రశ్నను స్వాతంత్ర్యోద్యమము మరల మరల లేవనెత్తెను. 1945లో ఎర్రకోటయందు ఆజాద్ హింద్ ఫౌజు నాయకుల విచారణయు, 1946 ఫిబ్రవరిలో బొంబాయి నావికుల తిరుగుబాటును ఆ ప్రశ్నకు కొత్త రూపములే.

ఈ నడుమ 1932లో డెహరాడూన్‌నందు భారతీయ సైనిక విద్యాలయము తెరవబడెను. దాని ప్రథమ తరగతిలో చేరినవారు నలువదిమంది యువకులు. వారిలో ముగ్గురు ముందు ముందు మూడు సైన్యములకు అధిపతులైరి: భారతదేశమున మానెక్‌షా, పాకిస్తానున మహమ్మద్ మూసా, బర్మాలో స్మిత్ డన్. ముగ్గురు చదివినది ఒకే పుస్తకము. నడచినది ఒకే కవాతు. చేసినది ఒకే ప్రమాణము. సైన్యముల నడవడి జాతిస్వభావమునుండియో, మతమునుండియో పుట్టుననువారు ఈ ముగ్గురి కథ చదువవలెను.

1947 ఆగస్టున దేశముతోపాటు సైన్యమును విభజింపబడెను. ఇంచుమించు మూడింట రెండు వంతులు భారతమునకు, ఒక వంతు పాకిస్తానునకు దక్కెను. పటాలములు చీలెను, భోజనశాలలయందలి వెండిపాత్రలు సైతము పంచుకొనబడెను. పంచుటకు వీలు కానిది రాజకీయ వారసత్వము. భారతమునకు 1885నుండి గ్రామగ్రామమున వేళ్లు పాతుకొన్న కాంగ్రెసు సంస్థ దక్కెను. ముస్లిం లీగునకు బలమైన పట్లు సంయుక్తరాష్ట్రమువంటి ప్రాంతములు. అవి భారతమునందే మిగిలెను. కొత్త దేశమున లీగు పరాయి యింట కాపురము పెట్టినట్లుండెను. 1948 సెప్టెంబరులో జిన్నా మరణించెను. 1951 అక్టోబరులో లియాఖత్ ఆలీఖాన్ హత్యకు గురియయ్యెను. భారతమునకు 1950 జనవరి 26 నాటికి రాజ్యాంగము సిద్ధమయ్యెను. పాకిస్తానునకు అది 1956 మార్చి 23 వరకు లభింపలేదు. ఈ లోపల పంజాబు పశ్చిమభాగము పాకిస్తానులో చేరుటచే, యోధజాతి సిద్ధాంతము పెంచిన సైన్యము అచ్చట ఒకే ప్రాంతపు సైన్యముగా నిలిచెను. జనసంఖ్యయందు సగమునకు మించిన తూర్పు బెంగాలువారికి దానిలో అత్యల్పభాగము మాత్రమే యుండెను.

పాకిస్తానునందు సైన్యము ఒక్క గంతున అధికారము నెక్కలేదు. మెట్టు మెట్టుగా ఎక్కెను. ఆ మెట్లను కట్టినవారు చాలవరకు పౌరనాయకులే. 1951లో రావల్పిండి కుట్రకేసు బయటపడెను. దానిలో కొందరు సైన్యాధికారులతోపాటు ఉర్దూ మహాకవి ఫైజ్ అహ్మద్ ఫైజ్‌కును కారాగారవాసము ప్రాప్తించెను. 1953లో అహ్మదీయులకు వ్యతిరేకముగా అల్లరులు లేచినపుడు లాహోరు నగరమును సైనికశాసనమునకు అప్పగించిరి. సైనికులు అల్లరులణచి, వీధులు శుభ్రపరచి వెళ్లిరి. పౌరప్రభుత్వమునకు చేతకానిది వారికి చేతనైనదను భావము నగరమున నిలిచెను. 1954లో గవర్నరు జనరలు గులాం మహమ్మద్ రాజ్యాంగసభను రద్దుచేసెను. అప్పటి మంత్రివర్గమున సర్వసేనాని ఆయూబ్‌ఖాన్ రక్షణమంత్రిగా చేరెను. కర్జను భయపడినది ఇదియే: సేవకుడే యజమాని పీఠమున కూర్చుండెను. ఆ సంవత్సరమే అమెరికాతో కుదిరిన సైనికసహాయపు ఒడంబడిక సైన్యమును తక్కిన అన్ని శాఖలకంటె సంపన్నమొనర్చెను. 1947నుండి 1958 వరకు ఏడుగురు ప్రధానమంత్రులు మారిరి. ఒక్కసారియు దేశమంతట సార్వత్రిక ఎన్నికలు జరుగలేదు. 1958 అక్టోబరు 7న అధ్యక్షుడు ఇస్కందర్ మిర్జా రాజ్యాంగమును రద్దుచేసి ఆయూబ్‌ను సైనికశాసనాధికారిగా నియమించెను. ఇరువది దినములలో ఆయూబ్ మిర్జానే పంపివేసెను. న్యాయస్థానము ఆ మార్పును ఆమోదించెను.

తరువాతి కథ ఆ మొదటి అధ్యాయమునుండి సాగినదే. 1968లో లేచిన ప్రజాందోళనమునకు తలవంచి 1969 మార్చిలో ఆయూబ్ తొలగి, అధికారమును మరియొక సేనాని యాహ్యాఖాన్‌కు అప్పగించెను. 1970 డిసెంబరు ఎన్నికలలో తూర్పు బెంగాలు ప్రజలు ఇచ్చిన తీర్పును సైన్యము అంగీకరింపలేదు. 1971 మార్చి 25 రాత్రి తుపాకులతో ప్రత్యుత్తరమిచ్చెను. డిసెంబరు 16న ఢాకాయందు ఆ సైన్యము లొంగిపోవుటతో దేశమే రెండయ్యెను. పాలించుటకై ప్రజలను గెలువనక్కర లేదని నమ్మిన సైన్యము, తుదకు పాలించుటకు ప్రజలే మిగులకపోవుట చూచెను. అయినను 1977 జులై 5న జియా ఉల్ హక్, 1999 అక్టోబరు 12న ముషారఫ్ మరల అధికారము కైకొనిరి. ఆ దేశమున నేటివరకు ఏ ప్రధానమంత్రియు ఐదేండ్ల పదవీకాలమును సాంతముగా నడపలేదు. ఆ దేశప్రజలు దీనిని మౌనముగా సహించిరనుట అన్యాయము. ఆయూబ్‌ను దించినది విద్యార్థులు, కార్మికులు. 2007లో ముషారఫ్‌నకు ఎదురు నిలిచినది న్యాయవాదులు. స్వాతంత్ర్యముకొరకు సైన్యముతో పోరాడిన బంగ్లాదేశము సైతము ఈ వారసత్వమును తప్పించుకొనలేదు. 1975 ఆగస్టు 15న షేక్ ముజిబుర్ రహమాన్‌ను కొందరు సైన్యాధికారులు హత్యచేసిరి. 1982లో అధికారము చేపట్టిన సేనాని ఎర్షాద్‌ను 1990 డిసెంబరులో ప్రజోద్యమము దించెను.

బర్మా కథ మరింత దుఃఖకరము. కరెన్ జాతివాడైన స్మిత్ డన్, 1949లో కరెనుల తిరుగుబాటు చెలరేగినపుడు పదవి కోల్పోయెను. ఆ స్థానము నే విన్‌నకు దక్కెను. 1958 అక్టోబరులో, అనగా ఆయూబ్ అధికారమునకు వచ్చిన మాసముననే, ప్రధాని ఊ నూ తనంతట తానే నే విన్‌ను తాత్కాలిక ప్రభుత్వము నడుపుమని పిలిచెను. నే విన్ మాటప్రకారము 1960లో ఎన్నికలు జరిపించి తొలగెను. కాని ఒకసారి రుచి మరగిన చేయి ఊరకుండలేదు. 1962 మార్చి 2న పిలువకనే వచ్చెను. ఆ దేశము నడుమ కొన్ని సంవత్సరములు తేరుకొనినట్లు కనబడినను, 2021 ఫిబ్రవరి 1న సైన్యము ఎన్నికైన నాయకులను మరల నిర్బంధించెను.

భారతదేశమున జరిగినది దైవికము కాదు, ఆలోచించి చేసినది. 1947 ఆగస్టు 15నుండి సేన, నౌకాదళము, వైమానికదళము మూడింటికి వేరు వేరు అధిపతు లేర్పడిరి; అందరిపై నుండిన సర్వసేనాని పదవి అంతరించెను. 1955లో సర్వసేనాని యను పేరు సైతము పోయి ‘స్టాఫ్ ప్రధానాధికారి’ యను పేరు వచ్చెను. సర్వసేనాని నివసించిన ఢిల్లీ భవనము ప్రధానమంత్రి నివాసమయ్యెను. అదియే తీన్‌మూర్తి భవనము. ఇటుకలతో చెప్పిన రాజనీతి యది. రాజ్యాంగము మూడు దళముల సర్వోన్నతాధికారమును రాష్ట్రపతియందుంచి, దాని వినియోగము చట్టమునకు లోబడవలెనని విధించెను. 1949 జనవరి 15న ప్రథమ భారతీయ సర్వసేనాని యైన కరియప్ప, పదవి విడిచిన చాల కాలమునకు 1971లో లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయెను. సేనాని ఎన్నికలలో నిలువవచ్చును, ఓడిపోవచ్చును. ఆ రెండును ఆరోగ్యలక్షణములే.

ఈ ఏర్పాటు ఒడుదుడుకులు లేక సాగలేదు. 1959లో సేనాధిపతి తిమ్మయ్య, రక్షణమంత్రి కృష్ణమీననుతో విభేదించి రాజీనామా సమర్పించి, ప్రధాని కోరికపై మరల తీసికొనెను. పార్లమెంటునందు నెహ్రూ పౌరాధికారమే సర్వోన్నతమని నొక్కి చెప్పెను. సిద్ధాంతము సరియైనదే. కాని మూడేండ్లకు హిమాలయముల యుద్ధమున కలిగిన పరాజయము మరియొక సత్యమును బోధించెను: పౌరప్రభుత్వమునకు ఆజ్ఞాపించు హక్కు కలదు గాని, సైనికుని వృత్తిజ్ఞానమును వినకుండుటకు ఆ హక్కు సాకు కారాదు. 1971 నాటికి ఆ పాఠము వంటబట్టెను. యుద్ధమెపుడు ఆరంభింపవలెనను విషయమున మానెక్‌షా సలహాను ప్రభుత్వము మన్నించెను. యుద్ధము చేయవలెనను నిర్ణయము ప్రభుత్వమునదే. 1975–77 నడుమ పౌరహక్కులు స్తంభించినపుడు సైన్యము రాజకీయములకు దూరముగనే యుండెను. 1977లో ప్రభుత్వమును మార్చినది ఓటు.

ఇంతమాత్రమున ఆత్మస్తుతికి అవకాశము లేదు. సింహాసనమును కోరని దండము ప్రజలపై పడినపుడు ఎట్లుండునో భారతదేశమున కొన్ని ప్రాంతములకు తెలియును. తెలుగుదేశమునకును తెలియును. 1948 సెప్టెంబరు 13నుండి ఐదు దినములు జరిగిన సైనికచర్యతో నిజాము పాలనయు, రజాకార్ల దౌర్జన్యమును అంతమయ్యెను. ప్రజలు ఊపిరి పీల్చుకొనిరి. మేజర్ జనరల్ చౌధురి హైదరాబాదునకు సైనికగవర్నరై 1949 చివరివరకు పాలించెను. కాని ఆ మాసములలో ముస్లిం ప్రజలపై హత్యలు, లూటీలు జరిగెననియు, కొన్ని తావుల సైనికులును పోలీసులును వానిలో పాల్గొనిరనియు పండిట్ సుందర్‌లాల్ ప్రభృతులు నివేదించిరి. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. తెలంగాణ పల్లెలలో సాయుధులైన రైతులపై సాగిన చర్యల జ్ఞాపకము నేటికిని మాసిపోలేదు. అయినను 1950లో పాలన పౌరాధికారి వెల్లోడికి, 1952 ఎన్నికల పిమ్మట బూర్గుల రామకృష్ణారావుకు సంక్రమించెను. చౌధురి తిరిగి దండునకు వెళ్లెను. 1965 యుద్ధమున భారత సేనాధిపతి ఆయనయే, పాకిస్తాను సర్వసేనాని మహమ్మద్ మూసా. చౌధురి గవర్నరుగిరి వదలి సేనాధిపతి అయ్యెను. మూసా సర్వసేనాని పదవి వదలి పశ్చిమపాకిస్తాను గవర్నరయ్యెను.

1958 సెప్టెంబరు 11న, అనగా పాకిస్తానులో రాజ్యాంగము రద్దగుటకు నెలరోజులలోపల, భారత పార్లమెంటు చేసిన సాయుధదళముల ప్రత్యేకాధికారముల చట్టము అమలులోనికి వచ్చెను. అల్లకల్లోలప్రాంతమని ప్రకటింపబడిన చోట కాల్చి చంపుటకు సైతము అది సైనికునికి అధికారమిచ్చెను; కేంద్రప్రభుత్వపు అనుమతి లేనిదే అతనిపై అభియోగము తేరాదని నియమించెను. నాగాకొండలలో ఆరంభమైన ఆ శాసనము మణిపురమునకు, కాశ్మీరమునకు వ్యాపించెను. దాని రద్దుకై ఇరోమ్ షర్మిల 2000నుండి 2016 వరకు నిరాహారదీక్ష వహించెను. పౌరప్రభుత్వపు ఆజ్ఞపై సైన్యము చేయు పనికి బాధ్యత పౌరప్రభుత్వమునదే. సైన్యము లోబడియున్నదని తృప్తిపడి, దానిచేత ఏమి చేయించుచున్నామో చూడకుండుట ప్రజాస్వామ్యమునకు సగము ధర్మము మాత్రమే.

డెహరాడూన్ ప్రథమ తరగతిలోని ఆ ముగ్గురి జీవితములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఈ చరిత్రసారము తేటపడును. స్మిత్ డన్ తన జాతివలన పదవి కోల్పోయెను. మూసా గవర్నరు భవనమున కేగెను. మానెక్‌షా 1973 జనవరిలో ఫీల్డ్ మార్షలై, ఆ మాసముననే పదవి విరమించి నీలగిరులలో స్థిరపడెను. 2008లో అచ్చటనే కన్నుమూసెను. వారిలో ఎవరి శిక్షణయు తక్కువది కాదు, ఎవరి శౌర్యమును తక్కువది కాదు. వారికి పైన కూర్చుండిన పీఠములు మాత్రము వేరు. ఒక పీఠమునకు ప్రజల అంగీకారమను పునాది యుండెను. రెండింటికి అది చాలలేదు. దండమును సప్తాంగములలో ఆరవదిగా నిలిపినవాడు దానిని తక్కువచేయలేదు. ముందున్న ఐదు అంగములు నిలిచియున్నంతకాలమే ఆరవది తన చోట నిలుచును.